గ్రీన్‌విల్ నగరపు పెద్దవీధి

మనము ఏ యూరికి క్రొత్తగా పోయినను మొదట అడుగునది "పెద్దబజారు ఎక్కడ?" అనియే. ఆ బజారును ఒకమారు చూచివచ్చినచో ఆ యూరి స్థితిగతులు చాలవరకు తెలియును. అంగళ్ల వాకిళ్లయందు నీళ్లు చల్లియుండి, సంధ్యవేళ జనులు ఒకరినొకరు ఒరసికొనుచు నడచుచున్నచో ఆ యూరు బ్రదికి యున్నదనుకొందుము. వరుసగా తాళములు వేసిన అంగళ్లును, రంగు వెలిసిన బోర్డులును కనబడినచో, దానికేదియో జబ్బు చేసినదని వైద్యుడు వచ్చి చెప్పకయే తెలియును. ఇట్లు జబ్బు చేసి, ముప్పది నలువదియేండ్ల పాటుపడి, తన పెద్దవీధిని తిరిగి బ్రదికించుకొనిన యొక చిన్ననగరపు వృత్తాంతమును ఈ వ్యాసమునందు వ్రాయ దలచితిని.

ఆ నగరము అమెరికా సంయుక్తరాష్ట్రములలో దక్షిణ కరొలైనా రాష్ట్రమునకు చెందిన గ్రీన్‌విల్. న్యూయార్కు, చికాగో మొదలగు మహానగరముల కథలు మనము తరచుగా వినుచుందుము గాని, వాని సంపద వేరు, వాని కష్టములు వేరు. వానిని చూచి చిన్నపట్టణములు నేర్చుకొనదగినది స్వల్పమే. గ్రీన్‌విల్ నగరమునందు 2000 సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము 56,002 మంది యుండిరి. 2020 నాటికి ఆ సంఖ్య 70,720 అయ్యెను. అయినను ఒక సంగతి మరువరాదు. నగరపు హద్దులు చిన్నవి. చుట్టునున్న గ్రీన్‌విల్ జిల్లాలో 2020లో అయిదులక్షలకు పైబడి ప్రజలుండిరి. ఈ చుట్టుపట్ల జనమే పెద్దవీధికి ప్రాణము. ఈ జనమే దానిని విడిచిపోయినప్పుడు అది మూర్ఛిల్లెను.

నగరము నడుమ రీడీ యను చిన్న యేరు పారుచున్నది. ఒకచోట అది బండలమీదనుండి జలపాతమై క్రిందికి దుముకును. 1770 ప్రాంతమున రిచర్డ్ పేరిస్ అనునతడు ఈ జలపాతము చెంత వర్తకస్థానమును నెలకొల్పెను. పిండిమర త్రిప్పుటకు నీటిబలము కావలెను గదా! అటుపిమ్మట 1870లలో క్యాంపర్‌డౌన్ అను నూలుమిల్లు అచ్చటనే వెలసెను. క్రమక్రమముగా నగరము చుట్టును మిల్లులు పెరిగి, మిల్లు చుట్టును కూలిజనుల యిండ్లు పెరిగి, ఇరువదవ శతాబ్దమునందు ఈ చిన్నయూరు తనను తాను "ప్రపంచ వస్త్రకేంద్రము" అని చెప్పుకొనునంతటి దయ్యెను. మిల్లులవారు అద్దకపు నీళ్లను ఏటిలోనికే విడుచుచుండుటచేత, ఆ దినమున ఏ రంగు గుడ్డ తయారగుచుండెనో ఏటిని చూచి చెప్పవచ్చునని జనులనుకొనెడివారట. ధనము నిచ్చిన యేటిని మురికికాలువగా జేసికొనుట ఆ యొక్క యూరివారి దోషమే కాదు.

మిల్లుల ధనము పెద్దవీధికి చేరుచుండెను. దానిపేరు మెయిన్ స్ట్రీట్. అందు 1925లో పాయిన్సెట్ అను పండ్రెండంతస్తుల హోటలు వెలసెను. ఆ హోటలులో బసచేసినవారికి చిల్లర యిచ్చునప్పుడు నాణెములను కడిగి మెరుగుపెట్టి యిచ్చెడివారని ప్రసిద్ధి. వీధి యెంత గర్వముగా బ్రదికినదో తెలియుట కిది చాలును.

అయితే ఆ వీధి అందరిది కాదు. నల్లజాతివారు అంగళ్లలో సరకులు కొనవచ్చును గాని, ఆ యంగడిలోనే తెల్లవారి ప్రక్కను కూర్చుండి కాఫీ త్రాగరాదని నగరశాసనమే విధించియుండెను. 1960 జూలై 16వ తేదీన ఎనమండుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే కేటాయింపబడిన నగర గ్రంథాలయమున ప్రవేశించి, పుస్తకములు తీసికొని చదువుచు కూర్చుండిరి. పోలీసులు వారిని నిర్బంధించిరి. ఆ యెనమండుగురిలో ఆ యూరనే పుట్టిన జెస్సీ జాక్సన్ ఒకడు. మరుసటి నెలలో క్రెస్ అను అంగడియందలి భోజనపుబల్లవద్ద పదిమంది యువజనులు కూర్చుండి, లేచిపొమ్మన్నను లేవకపోవుటచే శిక్షింపబడిరి. ఆ వ్యాజ్యెము పై న్యాయస్థానములకు ప్రాకి, 1963లో అమెరికా సుప్రీముకోర్టువారు ఆ శిక్షలను కొట్టివేసిరి. మన విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలయునని నా కోరిక. పెద్దవీధి బాగుపడుట యనగా గోడలకు సున్నము వేయుట మాత్రమే కాదు గదా. అది ఎవరికొరకు బాగుపడుచున్నదను ప్రశ్న ఆ నగరమును నేటివరకు వెంటాడుచునే యున్నది.

ఇక జబ్బు సంగతి. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో ఇంటింటికి మోటారుకారు వచ్చెను. ఊరి వెలుపల చౌకగా దొరకు స్థలములలో జనులు ఇండ్లు కట్టుకొనిరి. వారి వెనుకనే అంగళ్లును పోయెను. 1968లో మెకాలిస్టర్ స్క్వేర్ అను పెద్ద అంగళ్లసముదాయము నగరపు నడిబొడ్డునకు దూరముగా తెరువబడెను. అందు ఒకే కప్పు క్రింద అన్ని సరకులును దొరకును, కారు నిలుపుటకు కావలసినంత తావు కలదు, పైసా రుసుము లేదు. 1980లో హేవుడ్ మాల్ అను ఇంకను పెద్దది వెలసెను. అంతకుముందే, 1950లలో, ఫర్మన్ విశ్వవిద్యాలయమువారు తమ ప్రాత యావరణమును విడిచి ఊరివెలుపలి క్రొత్త యావరణమునకు తరలిపోయిరి. విద్యార్థులు పోయినచోట పుస్తకములు, కాఫీ, బట్టలు అమ్మువారు మాత్రమేల నిలుతురు? మరియొక ప్రక్క విదేశపు చౌకబట్టల పోటీకి తాళలేక మిల్లులును ఒకటొకటిగా మూతపడసాగెను.

1971లో మేక్స్ హెల్లర్ అనునతడు నగరమునకు మేయ రయ్యెను. ఆయన కథ కొంత చెప్పక తీరదు. ఆయన 1919లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున యూదుకుటుంబమునందు జన్మించెను. 1937లో ఒక నాట్యశాలలో, దేశసంచారమునకు వచ్చిన గ్రీన్‌విల్ యువతి మేరీ మిల్స్‌తో ఆయనకు పరిచయ మయ్యెను. మరుసటి సంవత్సరము నాజీలు ఆస్ట్రియాను కబళించినప్పుడు, ప్రాణము దక్కించుకొనుటకై ఆయన ఆమెకు జాబు వ్రాసెను. ఆమె ఊరిలోని పీడ్‌మాంట్ షర్టు కంపెనీ యజమానియగు షెపర్డ్ సాల్ట్‌జ్‌మన్ వద్దకు పోయి, ఆ యువకునికి పూచీపడుమని ప్రార్థించెను. ఆయన ఒప్పుకొనెను. 1938లో హెల్లర్ గ్రీన్‌విల్ చేరి, ఆ కంపెనీలో నేల యూడ్చు పనితో జీవితము నారంభించెను. పది సంవత్సరములకు సొంతముగా చొక్కాల కర్మాగారమును పెట్టి, 1962లో దాని నమ్మివేసి, పిమ్మట నగరసేవకు పూనుకొనెను. 1969లో కౌన్సిలు సభ్యుడై, రెండేండ్లకు మేయరై, 1979 వరకు ఆ పదవియం దుండెను. నగర కార్యాలయపు శాఖలలో జాతిభేదమును తొలగించుటయు ఆయన కాలమునందు జరిగినదే.

హెల్లర్ మనస్సులో బాల్యమునందలి వియన్నా వీధులు నిలిచియుండెను. అచ్చట వీధి యనగా బండ్లు పోవు దారి మాత్రమే కాదు. చెట్లనీడ, పూలు, విశాలమైన కాలిదారులు, బయట బల్లలు వేసి కాఫీ యిచ్చు అంగళ్లు, ఊరక కూర్చుండి మాటలాడుకొనుటకు చోట్లు. గ్రీన్‌విల్ మెయిన్ స్ట్రీట్‌లో ఇవి యేవియు లేవు. నాలుగు వరుసలుగా కార్లు రివ్వున దూసికొనిపోవుచుండెను. కావున నగరమువారు లారెన్స్ హాల్‌ప్రిన్ అను ప్రసిద్ధ ఉద్యాన వాస్తుశిల్పిని పిలిపించి, వీధికి క్రొత్తరూపు కల్పింపుమనిరి. 1970ల చివర ఆ పని జరిగెను. నాలుగు వరుసల దారిని రెండు వరుసలకు కుదించిరి. మిగిలిన తావును కాలిదారులకు చేర్చి, వానివెంట చెట్లు నాటిరి. కార్లు ఏటవాలుగా నిలుపుటకు చోట్లు విడిచిరి.

ఇది వినినప్పుడు మనకు విపరీతముగా తోచును. వ్యాపారము తగ్గినదనగా దారి నింకను వెడల్పు చేయవలెను గాని ఇరుకు చేయుదురా? అచ్చటి వర్తకులలోను కొందరికి ఈ సందేహమే కలిగెను. ఆలోచించి చూడుడు. దారి వెడల్పయినకొలది కారు వేగముగా పోవును. వేగముగా పోవువానికి అంగడి కనబడదు. కనబడినను ఆగుటకు మనస్సు పోదు. కాలినడకను పోవువానికి ఆ వేగము భయమును గొల్పును. దారి యిరుకైనచో కారు నెమ్మదించును, కాలిదారి వెడల్పయినచో మనుష్యుడు నిలుచును, నీడ యున్నచో మరికొంతసేపు నిలుచును. నిలిచినవాడే కొనును. మన సంతలలో ఎద్దుబండ్లను ఊరిబయటనే విప్పి, నడచి తిరుగుచు బేరములాడిన పెద్దలు ఈ సూత్రమును ఏ శిల్పియు చెప్పకయే యెరిగియుండిరని నా యభిప్రాయము.

అయినను చెట్లు నాటినంతమాత్రమున జనులు పరుగెత్తి రారు. రప్పించుటకు ఒక పెద్ద ఆకర్షణము కావలెను. దీనిని ఆ శాస్త్రజ్ఞులు లంగరు అందురు. ఓడకు లంగరెట్లో వీధికి ఇది యట్లు. మొదటి లంగరు వీధి ఉత్తరపుకొనను 1982లో తెరువబడిన హయత్ రీజెన్సీ హోటలు. దీనికి డబ్బు సమకూర్చుట కష్టమయ్యెను. మూతబడిన వీధిలో హోటలు కట్టుటకు ఏ వ్యాపారి సాహసించును? కావున నగరమువారు, కేంద్రప్రభుత్వపు సహాయధనముతో, సమావేశమందిరమును, బహిరంగ ప్రాంగణమును, కార్ల నిలుపుదల భవనమును తమ భాగముగా నిర్మింప నంగీకరించిరి. హోటలును మాత్రము వ్యాపారులు కట్టవలెను. బక్ మికెల్ వంటి స్థానిక వ్యాపార ప్రముఖులు ధనము సేకరించుటలో తోడ్పడిరి. ప్రజాధనమును ఖాసావారి ధనమును ఇట్లు జోడించుట ఆ నగరమున తరువాత పనులన్నిటికిని మాదిరి యయ్యెను.

రెండవది 1990లో వెలసిన పీస్ సెంటర్ అను సంగీత నాటకశాల. స్థానికమైన పీస్ కుటుంబమువారి పెద్ద విరాళమే దీనికి మూలధనము. ఏటియొడ్డున పాడుపడిన ప్రాత బండ్ల కర్మాగారపు కట్టడమును, మిల్లు కట్టడమును కూల్చివేయక, ఈ నాటకశాలా ప్రాంగణములోనికే కలుపుకొనిరి. ఇది వీధి నడుమ నున్నది. ఉత్తరమున హోటలు, నడుమ నాటకశాల. ఈ రెంటికి నడుమ నడచువారి కంటికి అంగళ్లు పడును గదా! పాయిన్సెట్ హోటలు సైతము పదియేండ్లకు పైగా గబ్బిలముల పాలై యుండి, 2000 సంవత్సరమున తిరిగి తలుపులు తెరచెను.

అన్ని ప్రయత్నములును ఫలించెనని యనుకొనవలదు. ఫర్మన్‌వారు విడిచిపోయిన స్థలమున ఊరివెలుపలి సముదాయములను అనుకరించుచు ఒక అంగళ్ల సముదాయమును కట్టిరి. అది నిలువలేదు. తుదకు జిల్లా ప్రభుత్వపు కచేరీల పాలయ్యెను. ఊరివెలుపలివానికి కార్లు నిలుపు తావు విషయమున నడిబొడ్డు ఎన్నటికిని సాటిరాదు. నడిబొడ్డునకు గల సొమ్ము వేరు. అది ప్రాత కట్టడములు, నడచుటకు వీలు, నదీజలములు.

ఆ నదీజలముల కథయే అన్నిటికంటె చిత్రమైనది. జలపాతము ఊరి పుట్టుకకు కారణమైనను, 1960లో దాని నెత్తిమీదుగానే నాలుగు వరుసల మోటారు వంతెన నొకదానిని కట్టివేసిరి. దానికి క్యాంపర్‌డౌన్ వంతెన యని పేరు. ఆ యూర పుట్టి పెరిగిన పిల్లలలో పలువురకు తమ యూర జలపాత మున్నట్లే తెలియదు. 1967లో కరొలైనా ఫుట్‌హిల్స్ గార్డెన్ క్లబ్ అను ఉద్యానసంఘపు స్త్రీలు ఆ యొడ్డున ముండ్లపొదలు నరికి, చెత్త యెత్తి, మొక్కలు నాటుటకు పూనుకొనిరి. వంతెనను తీసివేయవలెనను మాటను వారు విడువలేదు. బాగుగా నున్న వంతెనను పడగొట్టుట వెఱ్ఱియని పెక్కుమంది యనిరి. ప్రతిదినము వేలకొలది కార్లు దానిమీద పోవుచుండెను గనుక ఆ మాటలో బొత్తిగా న్యాయము లేదనలేము. 1995లో మేయరైన నాక్స్ వైట్ ఈ పక్షమును పూని, సంవత్సరములకొలది వాదములు జరిగిన తరువాత, 2002లో వంతెనను పడగొట్టించెను.

దాని స్థానమున 2004లో లిబర్టీ వంతెన వెలసెను. ఇది కాలినడకవారికి మాత్రమే. పొడవు 355 అడుగులు. విల్లువలె వంగియుండును. తీగెలు ఒక్క ప్రక్కనే యుండి దానిని మోయును. కావున రెండవప్రక్క నిలిచి జలపాతమును చూచువారికి అడ్డమేమియు నుండదు. దీనిని మిగెల్ రొసాలెస్ అను శిల్పి రచించెను. వంతెనకు దాదాపు 45 లక్షల డాలర్లును, చుట్టునున్న ఉద్యానముతో కలిపి మొత్తమునకు సుమారు 130 లక్షల డాలర్లును వ్యయమయ్యెను. ఒడ్డుననే 2005లో రివర్‌ప్లేస్ అను నివాసముల, కచేరీల, అంగళ్ల సముదాయమును ఖాసావారు కట్టిరి. 2006లో ప్రక్కనున్న వెస్ట్ ఎండ్ పేటలో బేస్‌బాల్ క్రీడాస్థలము వెలసెను. ఇట్లు వీధికి దక్షిణపుకొనను లంగరు పడెను.

డబ్బు ఎక్కడనుండి వచ్చెనని గణితము నెరిగిన బాలురు అడుగక మానరు. అచ్చట వాడిన ఉపాయములలో ఒకదానిని ఊహాలెక్కతో చెప్పెదను. ఒక పేటనుండి నగరమునకు ఏటేట వేయి రూపాయల యింటిపన్ను వచ్చుచున్నదనుకొందము. నగరమువారు అప్పుచేసి ఆ పేటకు దారులు, దీపములు, చెట్లు ఏర్పరచిరి. అందువలన స్థలముల విలువ పెరిగి, పన్ను మూడువేలయ్యెను. పూర్వపు వేయి ఎప్పటివలెనే అందరి ఖర్చులకు పోవును. పెరిగిన రెండువేలు మాత్రము నిర్ణీత కాలమువరకు ఆ యప్పు తీర్చుటకు, ఆ పేటనే బాగుచేయుటకు వినియోగపడును. ఇది తెలివైన యుపాయమే గాని, ఇందు రెండు చిక్కులు గలవు. విలువ పెరుగకపోయినచో అప్పు నగరము మెడకు చుట్టుకొనును. పెరిగినచో, ఆ పెరిగిన పన్ను కొన్నేండ్లవరకు బడులకును ఇతర పేటలకును చెందకుండ పోవును. జలపాతపు ఉద్యానమునకు మాత్రము హోటళ్లలో వండి యమ్ము ఆహారముపై విధించిన పన్ను తోడ్పడెను. ఊరు చూడవచ్చినవారే చాలవరకు ఆ పన్ను కట్టుదురు గనుక ఊరివారికి అది అంత బరువనిపింపలేదు.

ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. కేవలము చెట్లవలననే గ్రీన్‌విల్ బాగుపడలేదు. మిల్లులు పోయినచోట క్రొత్త పనులు రానిచో ఎంత అందమైన వీధియైనను ఎండిపోయియే యుండును. ఫ్రాన్సు దేశపు మిషెలిన్ టైర్ల కంపెనీ ఆ ప్రాంతమున కర్మాగారమును స్థాపించి, తన ఉత్తర అమెరికా కేంద్ర కార్యాలయమును గ్రీన్‌విల్‌లోనే నెలకొల్పెను. జర్మనీ దేశపు బీఎండబ్ల్యూ కార్ల కంపెనీ 1992లో ప్రకటించి, 1994 నుండి సమీపమున కార్లు తయారుచేయ సాగెను. హెల్లర్ మేయరు పదవినుండి దిగిన పిమ్మట రాష్ట్ర అభివృద్ధి మండలికి అధ్యక్షుడై విదేశపు కంపెనీలను రప్పించుటకు పాటుపడెను. పనులిచ్చు కర్మాగారము ఊరివెలుపల, మనస్సుకు ఆహ్లాదమిచ్చు వీధి ఊరినడుమ. రెండును ఒకదానికొకటి తోడయినవి. ఏది ముందు, ఏది వెనుక యని వాదించువారు వాదింతురు గాని, రెండవది లేనిచో మొదటిది ఆ యూరికి వచ్చిన పెద్ద యుద్యోగస్థులను అచ్చటనే నిలుపజాలకుండెడిది.

ఇక ఫలము ననుభవించినవా రెవరు? నడిబొడ్డున ఇండ్ల అద్దెలు, స్థలముల ధరలు పెరిగెను. చుట్టుప్రక్కల తరతరములుగా కాపురమున్న బీదకుటుంబములు, ముఖ్యముగా నల్లజాతివారు, ఆ ధరలకు తాళలేక ఒకరొకరుగా తరలిపోవలసి వచ్చెను. ఊరు చెడినప్పుడు ఓర్చుకొని నిలిచినవారు, బాగుపడినప్పుడు నిలువజాలకుండుట! ఈ యొక్క దోషమును నేను చిన్నదిగా నెంచజాలను. ఆ నగరమువారును దీనిని గుర్తింపక పోలేదు. రీడీ యేటి వెంబడి సదరన్‌సైడ్ అను నల్లజాతివారి పేట ప్రక్కను, పూర్వము నల్లజాతి బాలురకు మేబెరి పార్కు అను ఆటస్థల ముండెను. 1938లో దానిలో కొంత భాగమును తీసికొని తెల్లవారి బేస్‌బాల్ క్రీడాస్థలమునకు వినియోగించిరి. తరువాత ఆ ప్రాంతమంతయు నగరపు చెత్తబండ్లకు, సామగ్రి గుట్టలకు స్థానమై పోయెను. అచ్చటనే 2022 మే నెలలో 60 ఎకరముల యూనిటీ పార్కు తెరువబడెను. దాని చెంత కొంత నగరభూమిని, స్వల్ప ఆదాయము గలవారికి అందుబాటులో నుండు నివాసములకై కేటాయించిరి. ఈ పార్కు వలన చుట్టుప్రక్కల ధరలు మరల పెరుగునని భయపడు పేటవారు లేకపోలేదు. ఆ భయము నిరాధార మనుటకు నా వద్ద సమాధానము లేదు.

పై తరగతుల విద్యార్థులు వేసవి సెలవులలో తమ తమ యూళ్ల పెద్దబజారును ఒక చివరనుండి మరియొక చివరకు నడచి, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. అంగళ్లెన్ని, అందు మూతబడినవెన్ని, మేడమీద జనులు కాపురమున్నవెన్ని, నీడనిచ్చు చెట్లెన్ని, ఏమియు కొనకయే ఒక ముసలియామె అయిదు నిమిషములు కూర్చుండుటకు తావులెన్ని, ఏటియొడ్డు గాని చెరువుగట్టు గాని యున్నచో దాని నిప్పుడు దేనికి వాడుచున్నారు. ఉదయమొకమారు, దీపాలవేళ యొకమారు, ఆదివారమొకమారు లెక్కించుడు. ఏ అంగడి యెందుకు మూతబడినదో ప్రక్క యంగడివారిని మర్యాదగా అడిగినచో చెప్పుదురు. బడి తెరచిన మొదటి వారమున ఆ పుస్తకములను తరగతికి తీసికొనిరండు. అన్నియు దగ్గర పెట్టుకొని నల్లబల్లమీద పటము గీయుదము.